తప్పులు: సున్నా

ఫ్లెక్సీ దుకాణం, వెనక గది
మంగళవారం, టీ చల్లారిపోయిన వేళ

మహారాజరాజశ్రీ, దేనికైనా మీటరు పెట్టి చూసే మా మీటరు బావమరిదిగారికి,

ఇందుమూలంగా యావన్మంది బంధువులకు, శత్రువులకు, ఆ రెండూ అయిన నీకు తెలియజేయడమేమనగా: నేటి ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా దుకాణంలోని కంప్యూటరు ఒక ఏనుగు చెవికి బూడిదరంగు పూయుటకు నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు తీసుకున్నది. ఈ చారిత్రక ఘట్టానికి సాక్షులు ముగ్గురు. నేను, మీ అక్క, గోడమీద బల్లి. బల్లి విసుగుపుట్టి మధ్యలోనే వెళ్ళిపోయింది.

"ఈ జన్మలో నీ గొంతు వినను" అని రెండేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నావు. గొంతు వినను అన్నావు గానీ చేతిరాత చదవను అనలేదు. అందుకే ఈ ఉత్తరం. సర్వీసు సెంటరులో నీకు పెద్ద మెకానిక్ పదవి వచ్చిన రోజున మీ గేటుకి "ఇచ్చట బాగున్న కంప్యూటర్లు పాడుచేయబడును" అని ఇరవై అడుగుల బ్యానరు కట్టింది నేనే. ఒప్పుకుంటున్నా. అందులో అక్షరదోషం ఒక్కటీ లేదని నువ్వూ ఒప్పుకో.

అసలు సంగతికొస్తా. పిల్లల ఆసుపత్రిలో కొత్త వార్డు కడుతున్నారు. దాని గోడకి ముప్పై అడుగుల అడవి బొమ్మ కావాలన్నారు. గీసేది మీ అక్క. నూట పన్నెండు జంతువులు, అన్నీ మౌసుతోనే. బొమ్మ మూలన ఆమె పేరు కూడా వేస్తామన్నారు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో నాయకుల మొహాలకి మొటిమలు చెరిపి, బట్టతలలకి జుట్టు నాటింది ఆవిడే కదా, ఎక్కడైనా ఆమె పేరు చూశావా? ఇదే మొదటిసారి. వార్డు తెరవడానికి ఇంకా మూణ్ణెల్ల పైనే ఉంది. ఈ డబ్బా మాత్రం గీత గీతకీ ఆగి ఆలోచిస్తోంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు రాని స్టాపులో కూర్చున్నట్టు కూర్చుంటోంది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఈ రోజు డబ్బా మూత విప్పాను. ఛీ! లోపల దుమ్ము కాదురా, దుప్పటి. ఫ్యాను రెక్కల మధ్య బొద్దింక గుడ్ల సంచి. సిరావాసన పట్టిన జిడ్డు. మూల ఒక ఎండిపోయిన బల్లిపిల్ల, పొద్దున వెళ్ళిపోయినదాని బిడ్డ కాబోలు. అన్నం సయించలేదు నాకు.

వీధి చివర కంప్యూటర్ల షాపుకి వెళ్ళా. అక్కడి సేల్స్‌మన్ నవ్వు కూడా ప్లాస్టిక్కే. "ర్యామ్ మార్చి ఓవర్‌క్లాక్ చేయండి సార్, అంకెలు మార్చి స్పీడు పెంచేయండి, దూసుకుపోతుంది" అంటూ రంగురంగుల లైట్లు వెలిగే ర్యామ్ చూపించాడు.

"లైట్లెందుకయ్యా?" అన్నా.

"స్పీడు కనిపిస్తుంది సార్."

"నా స్కూటరుకీ లైటుంది నాయనా, దాని స్పీడు ఇంతవరకు ఎవరికీ కనిపించలా" అని వచ్చేశా.

తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, నాకివన్నీ ఏం తెలుస్తాయి. ఏది కొనాలో, ఎక్కడ ఏ అంకె పెట్టాలో రాసి పంపు. నాకోసం కాదు, మీ అక్క కోసం.

ఇట్లు,
నీ గొంతులేని బావ


సర్వీసు సెంటరు, రెండో అంతస్తు, పరీక్షల బల్ల
శనివారం

బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. బ్యానరు గురించి నేనేమీ రాయదలచుకోలేదు. ఇది మా అక్క కోసం రాస్తున్నాను.

మీది తక్కువ ధర యంత్రం. దాంట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బొమ్మ గీయడానికి కూడా అది ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్ వేగం పెరిగితే మీ యంత్రానికి నిజంగానే మేలు. ఒకే రకం ర్యామ్‌లు రెండు ఉండాలి. జోడెద్దుల్లాగా రెండూ ఒకే అడుగు వేయాలి. నా బల్ల మీద స్వయంగా పరీక్షించిన ఎనిమిది జీబీల జత ఒకటి ఈ పార్సిల్లో పంపుతున్నాను. లైట్లు లేవు.

పాత నాలుగు జీబీల ర్యామ్ తీసేయండి. కొత్త జత రంగు ఒకటిగా ఉన్న రెండు స్లాట్లలో పెట్టండి. మిషను లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల తెర, బయాస్‌లోకి వెళ్ళి వేగం 3200, ఓల్టేజి 1.35 పెట్టండి. టైమింగులు 16-18-18-38. వేరే కాగితం మీద రాసి పెట్టాను, అంకె మార్చకండి. మిషను లేవకపోతే బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి, పది నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. అన్నీ మొదటికొస్తాయి.

ఇప్పుడు ముఖ్యమైనది. మిషను లేచిందంటే అంతా బాగున్నట్టు కాదు. ర్యామ్ తేడాగా ఉంటే మిషను ఆగదు, అరవదు. నవ్వుతూ తప్పు రాసుకుంటుంది. మీరు దాచిన ప్రతి ఫైల్లోనూ ఆ తప్పు చేరుతుంది, తెలిసేసరికి ఏమీ మిగలదు. అందుకే పెన్‌డ్రైవ్‌లో పరీక్ష ప్రోగ్రాము కూడా పంపాను. ఎనిమిది గంటలు ఆపకుండా నడవాలి. చివర "తప్పులు: 0" అని రావాలి. ఒక్క తప్పు వచ్చినా నాకు రాయండి. అప్పటిదాకా అక్కని బొమ్మ ముట్టుకోనివ్వకండి.

మా వృత్తిలో కొందరున్నారు. ఐదు నిమిషాలు నడిపి ఎనిమిది గంటలని రాసిస్తారు. వాళ్ళ పక్కన కూర్చుని టీ తాగాలన్నా నాకు రోత. కాబట్టి పరీక్ష అయ్యాక తెర ఫోటో తీసి పంపండి. మీ మాట ఒక్కటే నాకు చాలదు. కారణం మీకు తెలుసు.

ఇట్లు,
మా అక్క తమ్ముడు


ఫ్లెక్సీ దుకాణం, వెనక గది
గురువారం

గౌరవనీయులైన మా ఆవిడ తమ్ముడుగారికి,

నన్ను "మీరు" అంటావట్రా? నా పెళ్ళిలో నా చెప్పులు దాచినవాడివి, నా భుజాల మీదెక్కి జామకాయలు కోసినవాడివి! "మీరు", "గారు", "నమస్కారములు" వరసగా చదువుతుంటే కోర్టు నోటీసు అనుకున్నా. మీ అక్కకి చూపిస్తే, "వాడికి కోపం పోతేనే నువ్వు అంటాడు, అందాకా పడుండు" అంది.

పార్సిలు అందింది. డబ్బా మొత్తం బ్రష్షుతో దులిపా. వచ్చిన చెత్తతో ఒక దిండు కుట్టొచ్చు. బొద్దింక గుడ్లు చిమటాతో తీసి మూతికి గుడ్డ కట్టుకుని వీధిలో పారేశా. నీ ర్యామ్‌లు పెట్టా. మొదటిసారి లేవలేదు. బిళ్ళ బ్యాటరీ తీయబోతే అది ఎగిరి బీరువా కిందికి పోయింది. ఇద్దరం పొట్టమీద పాక్కుంటూ వెతికాం. "పెళ్ళయ్యాక మనం ఇంత దగ్గరగా నేలమీద పడుకుని వెతికింది ఇదే" అని మీ అక్క నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

బ్యాటరీ పెట్టాక లేచింది. అంకెలన్నీ నీ కాగితం మీదవే, ఒక్కటీ మార్చలా. పాత ర్యామ్ సంగతి అంటావా, దాన్నెక్కడ పెట్టాలో నాకు బాగా తెలుసులే.

ఇక వేగం గురించి ఏం చెప్పను! ఏనుగు చెవి అయిదు సెకన్లు. జిరాఫీ మచ్చలు మౌసు కదిపినంతసేపే. మీ అక్క ఒక్క మధ్యాహ్నంలో ఆరు కోతులు గీసింది. ఆరూ నాలాగే ఉన్నాయి. కావాలనే గీసింది.

నువ్వడిగిన తెర ఫోటో ఫోనులో తీస్తే మసకగా వచ్చింది. అందుకని నీట్‌గా ప్రింటు కొట్టి జతచేశా. ఎనిమిది గంటలు. తప్పులు: 0. ఫ్రేము కట్టించుకుంటావో, నీ మీటరు పెట్టి చూసుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
తప్పులు లేని బావ


సర్వీసు సెంటరు, పరీక్షల బల్ల
బుధవారం

బావా,

నీ ప్రింటు అందింది. నిజం చెప్పాలంటే నువ్వు పరీక్ష పెట్టవనుకున్నా. నడిచే దుకాణాన్ని ఒక రోజంతా ఆపుకుని, తెర ముందు కాపలా కాస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. నిన్ను తక్కువగా అంచనా వేశాను.

ఆ ప్రింటు నా బల్ల ఎదురుగా గోడకి అతికించా. ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళు "ఎనిమిది గంటలు ఎందుకు సార్, గంట చాలదా" అని సణుగుతుంటారు. వాళ్ళకి అది చూపిస్తున్నా. "చూడండి, తొమ్మిదో తరగతి దాటని మా బావ, నాలిక తప్ప ఇంకేదీ తిన్నగా వాడనివాడు, ఆయన కూడా ఎనిమిది గంటలు కూర్చున్నాడు" అంటున్నా. సిగ్గుపడి కూర్చుంటున్నారు.

ఒక చిన్న సంగతి. ప్రింటులో సున్నా చుట్టూ సన్నగా ఎర్ర అంచు పడింది. మీ ప్రింటరులో ఎర్రసిరా కారుతున్నట్టుంది, చూపించుకో. అక్క బొమ్మ ప్రింటు కొట్టేటప్పుడు చెడుతుంది.

నీకు పంపినటువంటి జతలే, అవే అంకెలతో, ఊరి గ్రంథాలయానికి నలభై యంత్రాల్లో పెట్టాం. వాటి పరీక్ష కాగితాల మీద సంతకం నాదే. దుకాణం మిషను మీద కూడా నిలబడ్డాయని నీ కాగితంతో ధైర్యం వచ్చింది.

ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో కూడా దాస్తున్నారు కదా? అక్కని అడిగానని చెప్పు. ఆరు కోతుల్లో ఒకదానికి మీసం పెట్టమను.

నీ
మీటరు


ఫ్లెక్సీ దుకాణం
తేదీ వేయబుద్ధి కావడం లేదు

బావమరిదీ,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు. బాగుందని రాయలేదు, ఇప్పుడు బాగాలేదని రాస్తున్నా.

మొన్న సోమవారం నూట పన్నెండో జంతువు పూర్తయింది. చిన్న ముళ్ళపంది. మీ అక్క దాని పక్కన తన పేరు రాసుకుని, చెరిపి, మళ్ళీ కొంచెం చిన్నగా రాసుకుంది. ప్రింటు మొదలెట్టాం. మొదటి ఫ్లెక్సీ చుట్ట సగం బయటికి వచ్చింది. జిరాఫీ మెడ పైదాకా వెళ్ళింది, పైన తల లేదు. తల ఉండాల్సిన చోట ఊదారంగు గళ్ళు. ఏనుగు రెండు ముక్కలు, మధ్యలో ఆకుపచ్చ చార, వెనక సగం ఒక అడుగు కిందికి జారింది. కసాయి కొట్టు ముందు నిలబడ్డట్టనిపించింది. ఆపి, ఫైలు మళ్ళీ తెరవబోతే తెరుచుకోలేదు. మా పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ అంతే. చెడిపోయినదాన్నే జాగ్రత్తగా నాలుగు చోట్ల దాచుకున్నాం.

మిగిలింది కొత్త ర్యామ్ పెట్టకముందు దాచిన పాత ఫైలు ఒక్కటి. అందులో ఇరవైమూడు జంతువులున్నాయి. పోయినవి ఎనభైతొమ్మిది. గడువు ఇంకా ముప్పైమూడు రోజులు.

మధ్యలో ప్రోగ్రాము రెండు మూడుసార్లు దానంతటదే మూసుకుంది. తుమ్మిందిలే అనుకున్నా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాను గానీ, ఊడిన నాలుకని చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి.

మీ అక్క కళ్ళజోడు తుడుచుకుని, "ఏనుగు నుంచి మొదలెడతా" అంది. కుడి మణికట్టు వాచింది, గుడ్డ కట్టుకుని చుట్టాల ఇంటి మిషన్లో గీస్తోంది. తిడితే బాగుండు.

నీ ర్యామే పెట్టా. నీ అంకెలే పెట్టా. ఇంకేం రాయను.

బావ


సర్వీసు సెంటరు
గురువారం

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. గోడమీది నీ ప్రింటు ముందు నిలబడి మళ్ళీ చూశా. ఎనిమిది గంటలు, తప్పులు సున్నా. నువ్వు చేయాల్సిందంతా చేశావు. అంటే తప్పు నాది.

నేనిచ్చిన జతలోనే ఏదో లోపముండాలి. లేకపోతే నేనిచ్చిన ఓల్టేజి నాలుగు రోజులు నిలబడి, మిషను వేడెక్కాక జారిపోయేదై ఉండాలి. నా పరీక్షకి దొరకలేదు, నీ పరీక్షకీ దొరకలేదు. అంటే నా పరీక్ష పద్ధతే పనికిరాదు. ఇరవై రెండేళ్ళుగా దాన్ని నమ్ముకుని బతికాను.

నిన్న అక్కకి ఫోన్ చేశా. క్షమించమన్నా. "నువ్వెందుకురా ఏడుస్తావు, జంతువులు నావి, నేను గీసుకుంటా" అంది.

గ్రంథాలయంలో ఆ నలభై మిషన్లూ ఇవే అంకెలతో నడుస్తున్నాయి. జనం రాసుకున్నవన్నీ వాటిలో ఉంటాయి. ఊరుకోలేను. సోమవారం పొద్దున పది గంటలకి మా పెద్దాయనకి చెప్పబోతున్నా. నలభై వెనక్కి తెప్పించమని, పరీక్షల బల్ల నుంచి నన్ను తప్పించమని. సంతకం నాది కాబట్టి ఇంకెవరినీ అనకూడదు. రాజీనామా కూడా రాసి సొరుగులో పెట్టా. ఆయన అడిగితే ఇస్తా.

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను బావా. నీకు అన్యాయం చేసిన నేను నీ గొంతు వినననడం ఏమిటి. ఫోన్ చేయి. ఎంత తిట్టాలో అంత తిట్టు.

నీ
మీటరు


మీ సర్వీసు సెంటరు గేటు, వాచ్‌మన్ స్టూలు
సోమవారం, తొమ్మిదిన్నర

ఒరేయ్ మీటరూ,

మీ పెద్దాయన దగ్గరికి వెళ్ళకు. ముందు ఇది చదువు. పొద్దున మొదటి బస్సుకి వచ్చా. ఈ కాగితం వాచ్‌మన్ చేత పంపిస్తున్నా. ఫోన్ చేయమన్నావు. చేస్తే మధ్యలో ఏదో జోకు వేసి జారిపోతా. నా నోటికి ఆ రోగముంది. కాగితం మీదైతే ఒకసారి రాశాక నవ్వినా చెరగదు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివాక అద్దంలో మొహం చూసుకోవాలంటే ఏవగింపు. తేలు కుట్టిన దొంగలా ఒక పూటంతా తిరిగా. శనివారం పొద్దున షట్టరు సగం దించి, నీ పెన్‌డ్రైవ్ పెట్టి పరీక్ష నడిపించా. ఇరవై రెండు నిమిషాలకి నాలుగు వందల పదిహేడు తప్పులు. ఎర్ర అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి.

తర్వాత పాత నాలుగు జీబీల ర్యామ్ పీకేశా.

అవును, అది ఇంతకాలం లోపలే ఉంది. నువ్వు తీసేయమన్నావు. ఖాళీ స్లాటు పన్నూడిన నోరులా కనిపించింది. ఉన్నదాన్ని పారేయడమేమిటి, ఎంత ఉంటే అంత బలమని మళ్ళీ గుచ్చేశా. జోడెద్దుల పక్కన ముసలి మేకని కట్టా. నీకు రాసినప్పుడు మాట తిప్పేశా, గుర్తుందా?

నీ రెండూ పెట్టి, నీ అంకెలతోనే మళ్ళీ మొదలెట్టా. స్టూలు వేసుకుని కూర్చున్నా. మీ అక్క పాత ఫైలు పట్టుకుని ఎప్పటిలా చుట్టాల ఇంటి మిషన్లో గీసుకోవడానికి వెళ్ళింది. ఎనిమిది గంటలు చూశా. నా జన్మలో ఒక పని అంతసేపు చూడటం అదే మొదలు. సాయంత్రానికి ఒక్క తప్పూ లేదు. ఫోనులో తీసిన ఫోటో ఇందులో పెట్టా. మసకగా ఉంది, వంకరగా ఉంది, నా బొటనవేలు కూడా పడింది. నీ ర్యామ్‌లు మంచివి. నీ అంకెలు మంచివి. నీ పరీక్ష బంగారం. గ్రంథాలయం మిషన్ల జోలికి పోకు. సొరుగులో కాగితం చించెయ్.

మీ అక్క ఇంటికొచ్చాక అంతా చెప్పా. ఆవిడ నా వైపు చూసింది. కుళ్ళిన కూరగాయని పారేయాలా, కోసి చూడాలా అని చూసే చూపు అది. తర్వాత మౌసు నా వైపు జరిపి, "కుందేళ్ళు పన్నెండున్నాయి. అవి నువ్వు గీయి" అంది.

గీశా. ఎలకల్లా వచ్చాయి. చెరిపించింది. మళ్ళీ గీశా. చెవులు పెద్దవి పెడితే గాడిదల్లా వచ్చాయి. మళ్ళీ చెరిపించింది. నిన్న రాత్రికి మూడు పాసయ్యాయి. ఆవిడవి అరవై ఎనిమిది మిగిలున్నాయి, నావి తొమ్మిది. అందుతామంటోంది. ఆవిడ అంటే నమ్ముతా.

ఇక నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. పాత ర్యామ్ లోపలే ఉంటే మొదటిసారి పరీక్షలో సున్నా ఎలా వచ్చిందని ఈపాటికి నీ బుర్ర గోక్కుంటూ ఉంటావు. గోడ దగ్గరికి వెళ్ళి ఆ ప్రింటు తీసెయ్. కొత్తవాళ్ళ ముందే తీసెయ్, ఎందుకో కూడా వాళ్ళకి చెప్పు.

ఆ రోజు చేతిలో రెండు అర్జెంటు బ్యానర్లున్నాయి. మిషను రోజంతా ఆపడానికి మనసొప్పలా. పరీక్ష అసలు మొదలే పెట్టలేదు. నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ సీలు కూడా విప్పలేదు. ఆ నీలం తెర, ఎప్పుడో నీ బల్ల మీద చూసింది గుర్తు తెచ్చుకుని నేను గీసిందే. ఎనిమిది గంటలు నేను టైపు చేసినవే. సున్నా మాత్రం అందంగా కుదరక, మా ఎదురుగా చెప్పుల షాపువాడి "50% తగ్గింపు" బ్యానర్లోంచి కత్తిరించి అతికించా. మా ప్రింటరులో ఏ సిరా కారడం లేదురా. నువ్వు చూసిన ఆ ఎర్ర అంచు దానిదే.